మరి సోల

పోయిన నెలలో ఒకరోజు, పదకొండు గంటల వేళ, ఏలూరులో మా ఇంటి గేటు తీసుకుని ఒకమ్మాయి లోపలికి వచ్చింది. ముప్పై దాటి ఉంటాయి. చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు, మొహం నిండా ఎండ. "సుభద్రమ్మగారి ఇల్లు ఇదేనాండీ?" అంది. నా కథలు చదివి వచ్చిన పిల్లేమో అనుకున్నాను. రాసేవాళ్ళకి ఈ జబ్బు వయసుతోపాటు ముదురుతుంది. గ్యాసు బండ తెచ్చిన మనిషి గుమ్మంలో ఒక నిమిషం ఎక్కువ నిలబడినా మన పుస్తకం సంగతి ఎత్తుతాడేమో అనిపిస్తుంది. కూర్చోబెట్టి, ఫ్యాను వేసి, మంచినీళ్ళిచ్చాను. "మీ సంతకం ఒకటి కావాలండి" అంది. నేను మురిసిపోయి కళ్ళజోడు తుడుచుకుంటూ, "పుస్తకం తెచ్చుకున్నావా అమ్మా?" అని అడిగాను. ఆ అమ్మాయి ఫోల్డరులోంచి స్టాంపు పేపరు తీసి బల్ల మీద పెట్టింది. "నేను మారిసోల్ కూతుర్నండి. గ్రేస్ అంటారు. తాడేపల్లిగూడెం నుంచి వచ్చేను" అంది.

నలభై ఏళ్ళకి పైగా మా ఇంట్లో ఎవరూ పలకని పేరు అది. మారిసోల్ మా బాబాయి కూతురు. వరసకి నాకు చెల్లెలు. అంటే ఈ పిల్లకి నేను పెద్దమ్మని. కానీ కూర్చున్నంతసేపూ ఆ పిల్ల నన్ను "మేడమ్‌గారూ" అనే పిలిచింది. మనవైపు ఆడపిల్లలు బస్సులో పక్క సీటు ఆవిణ్ణి కూడా పిన్నిగారూ అంటారు. తెలియక అన్న మాట కాదని నాకు వెంటనే తెలిసింది.

"అమ్మకి ఒంట్లో బాలేదండి. కిడ్నీలు. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి తీసుకెళ్తన్నాం. పోయేలోపు కాగితాలన్నిట్లోనూ తన పేరు తనకి వచ్చెయ్యాలంటోందండి. సమాధి మీద మహాలక్ష్మి అని చెక్కిస్తే లేచి వచ్చేస్తానంటోంది." ఆ మాటకి తనే నవ్వింది. "బాప్టిజం కాగితం ఒక్కటే చాలదన్నారండి ప్లీడరుగారు. మారిసోలూ, మహాలక్ష్మీ ఒక్క మనిషేనని, పేరు ఎప్పుడు మారిందో, ఎందుకు మారిందో తెలిసిన బంధువు ఒకరు చేత్తో రాసి సంతకం పెట్టాలంట. మీ ఇంట్లో ఆ సంగతి తెలిసినవాళ్ళు మీరొక్కరే మిగిలేరు కదండీ."

"ముందు భోంచెయ్యి, తరవాత రాసుకుందాం" అన్నాను. "వద్దండి, తినే వచ్చేను" అంది. పదకొండు గంటలకి ఎవరు తింటారు? అప్పుడు ఆ పిల్ల చూపు నా రాతబల్ల మీద కలాలు పెట్టుకునే ఇత్తడి పాత్ర మీద పడింది. వచ్చినవాళ్ళందరూ దాన్ని మెచ్చుకుంటారు, ఎక్కడ కొన్నారని అడుగుతారు. ఈ పిల్ల అలా అడగలేదు. "ఇదేనాండీ ఆ సోల?" అంది.

అదే సోల. మా నాయనమ్మది. ఈ కాలం వాళ్ళకి చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, సోలంటే మానికలో నాలుగో వంతు, ఒక మనిషికి ఒక పూటకి సరిపడా బియ్యం పట్టే కొలత. గణపవరం దగ్గర మా ఊళ్ళో, మా ఇంట్లో పొద్దు ఆ సోల చప్పుడుతోనే మొదలయ్యేది. నాయనమ్మ తలస్నానం చేసి, తడిజుట్టు కొసన ముడేసుకుని, వంటింటి గడప పక్కన బియ్యం డబ్బా ముందు చతికిలబడేది. పాత గోనెల వాసన, తవుడు వాసన, ఆవిడ పూసుకున్న పసుపు వాసన కలిసిపోయి ఆ మూలంతా ఒకలాంటి కమ్మదనం ఉండేది. ఆవిడ ఎప్పుడూ "ఒకటి" అని మొదలుపెట్టేది కాదు. కళ్ళంలో ధాన్యం కొలిచేవాళ్ళలాగా "లాభం" అనేది. లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. తరవాత వచ్చేది ఏడు. ఏడంటే ఏడవమన్నట్టు ఉంటుంది కాబట్టి గింజల దగ్గర ఆ మాట అనకూడదు, ఆరున్నొకటి అనాలి. మాకు ఆ అవసరం రాలేదు. తాతయ్య, నాయనమ్మ, నాన్న, అమ్మ, నేను, తమ్ముడు, మేం సరిగ్గా ఆరుగురం. ప్రతి సోలా పైన కుప్ప కట్టి, గింజలు పక్కలకి జారుతుంటే పోసేది.

మా బాబాయి తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కొట్టులో గుమాస్తాగా చేసేవాడు. అక్కడే మిషన్ ఆస్పత్రిలో పనిచేసే ఒక నర్సుని పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడది మండవల్లి వైపు కొల్లేటి లంక, వాళ్ళు కిరస్తానీలు. తాతయ్య బాబాయిని గడప తొక్కవద్దన్నారు. పదేళ్ళు తొక్కలేదు కూడా. పిన్ని రెండో కాన్పులో బిడ్డతో సహా పోయాక, తొమ్మిదేళ్ళ కూతుర్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మా వాకిట్లో నిలబడ్డాడు. చొక్కా నిండా ఉల్లిపాయల వాసన. నాయనమ్మ అప్పుడే బియ్యం కొలవడం మొదలుపెట్టింది. మేమందరం చుట్టూ చేరాం. నాకు పదేళ్ళు.

"పేరేంటే?" అంది నాయనమ్మ, తలెత్తకుండా.

"మారిసోల్ అండి."

"ఏం సోలా?"

"మారిసోల్ అండి. మా అమ్మకి నర్సు పని నేర్పిన సిస్టరుగారి పేరండి. ఆవిడది స్పెయిన్ దేశం అండి."

ఇక్కడ నేను కల్పించుకున్నాను. "మరి సోల అంటోంది నాయనమ్మా! మరో సోల పొయ్యమంటోంది!"

ఇల్లంతా గొల్లుమంది. ఎప్పుడూ నవ్వని తాతయ్య మీసాల కింద నవ్వారు. అమ్మ చెంగు అడ్డం పెట్టుకుంది. బాబాయి కూడా నవ్వాడు. పదేళ్ళ తరవాత ఇంట్లోకి రానిచ్చారు, పిల్లకి నీడ కావాలి, నవ్వక ఏం చేస్తాడు? ఆ పిల్ల మా అందరి మొహాలూ వదిలేసి తండ్రి మొహం ఒక్కటే చూసింది. నాయనమ్మ ఆరో సోల పోసి, ఏడోది ముంచి, ఆరున్నొకటి అనడానికి బదులు "మరి సోల" అంది. అని, పైనున్న కుప్పని అరచేత్తో చదునుగా కొట్టేసి గిన్నెలో పోసింది. ఏడు అనే మాట రాకుండా ఆవిడ ఎంత జాగ్రత్త పడిందో! పిల్ల ఏడవకుండా చూడడం మాత్రం ఆవిడకి పట్టలేదు.

నా మొదటి కథ ఫలానా పత్రికలో పడిందని సభల్లో చెబుతూ ఉంటాను. అబద్ధం. నా మొదటి రచన ఆ రెండు మాటలే. ఒక మనిషి పేరు విరిచి పదిమందిని నవ్వించడంలో ఉన్న రుచి నాకు ఆ పొద్దునే తెలిసింది. తరవాత నేను రాసిన ఏ వాక్యాన్నీ జనం రోజూ అన్నేళ్ళపాటు చెప్పుకోలేదు. నాయనమ్మ ప్రతి పొద్దునా చెప్పేది. లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, మరి సోల. ఆరు కుప్పలు, ఒక చదును. ఆ పిల్ల రోజూ గడప అవతల నిలబడి ఆ అరచెయ్యి చూసేది. నాయనమ్మని రాక్షసి అనుకోకండి. జ్వరం వస్తే మిరియాల చారు తనే కాచి, ఊది ఊది తాగించేది. జ్వరం తగ్గిన మర్నాడు మళ్ళీ చదును సోలే.

పిల్లని మా దగ్గర వదిలి ఆ పూటే గూడెం వెళ్ళిపోయిన బాబాయికి సంవత్సరం తిరక్కుండా పచ్చకామెర్లు వచ్చాయి. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. ఆయన పోయాక గూడెం నుంచి గుడ్డల మూట ఒకటి వచ్చింది. అందులో ఒక చొక్కా ఆ పిల్ల తీసి తన ట్రంకుపెట్టెలో దాచుకుంది. నేను దాన్ని తీసి వాసన చూసి, "ఛీ, ఉల్లిపాయల కంపు" అన్నాను. నా చేతిలోంచి మెల్లగా తీసుకుని, మళ్ళీ మడత పెట్టుకుంది. నన్ను ఎప్పుడూ ఎదురు తిట్టలేదు. తిట్టి ఉంటే ఆపేదాన్నేమో. మెత్తగా ఉంటే మొత్తబుద్ధి అని సామెత ఊరికే పుట్టలేదు.

ఒకసారి కాలవ రేవులో గిన్నెలు తోముతుంటే, తనే చెప్పింది. "అక్కా, నా పేరుకి అర్థం తెలుసా? సముద్రం, సూర్యుడూనంట. సిస్టరుగారు అమ్మకి చెప్పేరంట."

"నువ్వు సముద్రం చూశావా?"

"చూశాను. మా అమ్మమ్మగారి లంకలో. పొద్దున్నే నీళ్ళలోంచే సూర్యుడొస్తాడు. అటు చివర కనపడదు."

"అది సముద్రం కాదే మొద్దూ, కొల్లేరు. నడుం లోతు కూడా ఉండదు, అడుగంతా బురద. నీ పేరుకి అర్థం బురద."

చేతిలో గిన్నె నీళ్ళలో మునిగిపోతున్నా చూసుకోలేదు. కాసేపటికి దాన్ని వెతికి తీసి, కడిగి బోర్లించింది. తన పేరుకి అర్థం మళ్ళీ ఎప్పుడూ నా దగ్గర ఎత్తలేదు. బళ్ళో పిల్లలకి నేనే నేర్పాను. ఆ పిల్ల క్లాసులోకి వస్తుంటే, "మరి సోల వచ్చింది, గిన్నెలు తియ్యండ్రా" అనేవాళ్ళు. ఈ కొల్లేటి చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లోనూ ఆ పేరున్న మనిషి ఒక్కతే. ఆ ఒక్కదాన్నే మేం భరించలేకపోయాం.

నా అసలు బాధ పేరు కాదు. నాకంటే ఏడాది చిన్నదైనా నాతోపాటే క్లాసులో వేశారు. నాకంటే బాగా చదివేది. అర్ధసంవత్సరం లెక్కల్లో ఆ పిల్లకి తొంభై ఆరు, నాకు డెబ్బై ఒకటి. లెక్కల మాష్టారు పేపర్లిస్తూ ఆ పేరుని ముక్కలు చెయ్యకుండా, ఎంతో మర్యాదగా, "మారిసోల్, ఇలా రామ్మా" అని పిలిచారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నాకు దక్కింది దస్తూరి ఒక్కటే. ముత్యాల్లాంటి అక్షరాలని అందరూ అనేవారు. అందుకే పదో తరగతి పబ్లిక్ పరీక్షకి పేర్లు పంపేటప్పుడు, క్లాసు టీచరు ఆ జాబితా సాపు రాసే పని నాకు అప్పగించారు.

ముందురోజు ఇంట్లో నాన్న పేపరు చదువుకుంటూ, "సర్టిఫికెట్టులో ఆ పేరేంటి? రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏమని చెప్పాలి? మంచి పేరేదైనా వేయించెయ్యకూడదూ" అన్నారు. ఎవరికి చెప్పారో ఆయనకే తెలియదు. అంతలోనే పేజీ తిప్పేశారు. ఆ పిల్ల వినేసింది. మర్నాడు బడికి వెళ్తూ కాలవ వంతెన మీద నా చెయ్యి పట్టుకుంది. ఆరేళ్ళలో తను నన్ను అడిగింది అదొక్కటే.

"అక్కా, నన్ను ఏమైనా అను. రోజూ అను, నేనేం అనుకోను. కాగితం మీద మాత్రం మార్చకు. అమ్మ ఇచ్చినవాటిలో అదొక్కటే మిగిలింది."

"సరేలేవే" అన్నాను. ఒట్టు కూడా వేశాను.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో కూర్చుని రాశాను. సుద్దముక్కల వాసన, కిటికీ అవతల కోతలయిన చేలు. ఆ పిల్ల నింపిన కాగితం నా ఎదురుగా ఉంది, ఒక్కొక్క అక్షరం విడివిడిగా, ఎవరూ తప్పు చదవకుండా జాగ్రత్తగా రాసుకుంది. దాన్ని పక్కన పెట్టి, సాపు జాబితాలో మహాలక్ష్మి అని రాశాను. కలం ఆగలేదు. నాన్న చెప్పారు కదా అనేది తరవాత నేను పట్టుకున్న గొడుగు. నిజానికి కలం నా చేతిలో ఉంది, ఆ పేరు నా కలం కింద ఉంది, అంతే. ఇప్పుడిలా ఒప్పుకుంటున్నానంటే అదేం గొప్ప కాదు. కథలో రాసుకోవడానికి సాక్షి సంతకం అక్కర్లేదు.

హాల్ టికెట్లు పంచేరోజు టీచరు "మహాలక్ష్మి" అని పిలిచారు. ఎవరూ లేవలేదు. రెండోసారి పిలిచారు. క్లాసులో ఆ పేరుగలవాళ్ళు ఎవరూ లేరని అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. మూడోసారి ఇంటిపేరు కూడా కలిపి పిలిచారు. ఇంటిపేరు మాది. నేను తల దించుకుని కూర్చున్నాను. నా వెనక బెంచీ కిర్రుమంది. ఆ పిల్ల లేచి నడుచుకుంటూ వెళ్ళింది.

"ఏమ్మా, నీ పేరు నీకే తెలీదా?" అన్నారు టీచరు. క్లాసంతా నవ్వారు.

"తెలుసండి" అంది.

హాల్ టికెట్టు తీసుకుని, అందులో అక్షరాలు చూసి, తిరిగి వస్తూ నా బెంచీ దగ్గర ఒక్క క్షణం ఆగింది. అరుస్తుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. తన బెంచీలోకి వెళ్ళి కూర్చుంది. పరీక్షలన్నీ ఆ పేరుతోనే రాసింది. ఆఖరి పరీక్షయిన మర్నాడు వాళ్ళ మావయ్య లంక నుంచి సైకిలు మీద వచ్చాడు. ట్రంకుపెట్టె వెనక కట్టించుకుని ఆయనతో వెళ్ళిపోయింది. నాకు చెప్పలేదు. నాయనమ్మ కాళ్ళకి మాత్రం దణ్ణం పెట్టి, "వెళ్ళొస్తానండి" అందట. తరవాత నాలుగు రోజులు నాయనమ్మ అలవాటు కొద్దీ ఏడో సోల ముంచి, "మరి సోల" అని, గుర్తొచ్చి మళ్ళీ డబ్బాలో పోసేసేది. అయిదో రోజు ఆరుతో ఆపేసింది.

ఆ తరవాత నేను చెల్లెల్ని ఒక్కసారే చూశాను. మా అమ్మకి ఒంట్లో బాగోక తాడేపల్లిగూడెంలో ఒక ఆస్పత్రిలో చేర్చాం. ఇంజెక్షను ఇవ్వడానికి వచ్చిన నర్సు తనే. తెల్లబట్టలు, నుదుటి దగ్గర నెరిసిన జుట్టు, ఛాతీ మీద పేరు బిళ్ళ. మహాలక్ష్మి. పాతికేళ్ళుగా నా దస్తూరిని గుండెల మీద మోస్తోంది. నేను నోరు తెరిచేలోపు మా అమ్మతో, "చెయ్యి చాపండమ్మా, నెప్పి తెలీదు" అంది. నిజంగానే అమ్మకి తెలియలేదు. దూది నొక్కి పట్టుకోమని నాకు ఇచ్చి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి ఆ వార్డుకి వేరే నర్సు వచ్చింది.

గ్రేస్ కాగితం నా ముందుకి జరిపింది. రాయబోతూ, మనసు కుదుట పడడానికి, "సముద్రం, సూర్యుడు అని చెప్పేది మీ అమ్మ" అన్నాను.

"అలా చెప్పుకుంటారంటండి. అసలు అర్థం అది కాదు." ఫోన్ తీసి చూపించింది. "మరియా డి లా సోలెదాద్ అని మరియతల్లికి ఒక పేరంట. దాన్ని కుదించి మారిసోల్ అంటారంట. సోలెదాద్ అంటే ఒంటరితనం. కొడుకు పోయాక ఒక్కతే మిగిలిన తల్లి అని. స్పెయిన్‌లో ఒకప్పుడు చాలామందే పెట్టుకునేవారంట. మనవైపు ఎంత వెతికినా ఎవరూ లేరండి. అమ్మ ఒక్కతే." ఆ మాట అంటున్నప్పుడు ఆ పిల్ల గొంతులో జాలి లేదు, గర్వం ఉంది.

ఇప్పుడు పిల్లలకి పేర్లు ఫోన్‌లో వెతికి పెడుతున్నారు. పక్కింటివాళ్ళ మనవరాలి పేరు నాకు మూడుసార్లు చెప్పినా నోరు తిరగలేదు. ఎవరూ నవ్వడం లేదు, అర్థమేమిటండీ అని మర్యాదగా అడుగుతున్నారు. మా ఊరి చేలన్నీ చేపల చెరువులైపోయాయి. ఇంట్లో ఉన్న ఆరుగురిలో నేను మిగిలాను. కుక్కరుకి ప్లాస్టిక్ కప్పు వచ్చింది, దాంతో ముప్పావు కప్పు బియ్యం పోస్తే నాకు రెండు పూటలకి సరిపోతోంది. ఏడుగురికి వండే ఇంట్లో ఏడో మనిషి ఎక్కువైందని లెక్కపెట్టినవాళ్ళం. నా మీద నాకు అసహ్యం వేసింది.

సోలలోంచి కలం తీసుకోబోయాను. "ఇదిగోండి" అని గ్రేస్ తన కలం ఇచ్చింది. ప్లీడరు చెప్పినట్టే రాసుకుంటూ వచ్చాను. ఫలానా వారి కుమార్తె మారిసోల్, మహాలక్ష్మి ఒక్క మనిషే, ఈమె నాకు చిన్నతనం నుంచి తెలుసు. పదో తరగతి జాబితాలో పేరు మారినది. కారణం. అక్కడ కలం ఆగింది. చిన్నప్పుడు ఆగవలసిన చోట ఆగని కలం ఇప్పుడు ఆగింది. నేనే మార్చాను, ఒట్టు వేసి మార్చాను, ఓర్వలేక మార్చాను. ఇన్ని మాటలు మనసులో ఉన్నాయి. ఊళ్ళో నాకున్న పేరు, పుస్తకాల వెనక అట్ట మీద నా ఫొటో, ఈ కాగితం ఏ ఆఫీసులో ఎవరు చదువుతారో అన్న భయం కూడా ఉన్నాయి. నా ముత్యాల్లాంటి అక్షరాలతో, "వ్రాతలో జరిగిన పొరపాటు వలన" అని రాశాను. కింద సంతకం పెట్టాను.

గ్రేస్ కాగితం తీసుకుని మొత్తం చదివింది. కారణం దగ్గర ఆగింది. మొహంలో కోపమేమీ లేదు.

"అమ్మ ముందే చెప్పిందండి. ఆవిడ పొరపాటు అనే రాస్తారు, నువ్వు వాదించకు, సంతకం పెట్టించుకుని వచ్చెయ్ అంది."

"ఇలా ఇయ్యమ్మా. అది కొట్టేసి మళ్ళీ రాస్తాను. ఉన్నదున్నట్టు రాస్తాను" అని చెయ్యి చాపాను.

"కొట్టివేతలుంటే చెల్లదంటండి." ఆ పిల్ల కాగితాన్ని ఫోల్డరులో పెట్టి, కలానికి మూత పెట్టుకుని లేచింది.

"పోనీ ఇంకొకటి ఉంటే ఇయ్యి."

"ఒకటే తెచ్చేనండి మేడమ్‌గారూ" అంది, చెప్పులు వేసుకుంటూ. "రెండోది కొంటానంటే, అక్కర్లేదే, ఆవిణ్ణి ఎన్నిసార్లు అడిగినా అదే రాస్తుంది అంది అమ్మ."